కోటా ఫార్మేషన్ వయసు, శిలాజాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీద, బిర్లా సైన్స్ సెంటర్ డైనోసారియంలో నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ వయసు ఒక్కోచోట ఒక్కోలా రాసి ఉంటుంది. ఒకరు 16 కోట్ల ఏళ్లంటారు, ఇంకొకరు 18 కోట్లు, మరొకరు 20 కోట్లు. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందో, ఆ ఎముకలు దొరికిన రాతిపొరల్లో ఇంకా ఏమేం ఉన్నాయో విద్యార్థులు, టీచర్లు, పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్లే తల్లిదండ్రులు అడుగుతూనే ఉంటారు. వాళ్లకోసం ఈ జవాబులు.

కోటా ఫార్మేషన్ అంటే ఏమిటి? ఎక్కడుంది?

ప్రాణహిత–గోదావరి లోయలో పరుచుకున్న జురాసిక్ కాలపు రాతిపొరల దొంతర ఇది. ప్రాణహిత ఒడ్డున, సిరొంచకు ఉత్తరంగా ఉన్న కోటా అనే ఊరి పేరు మీదుగా ఈ పేరు వచ్చింది. ఊరు మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో ఉన్నా, పొరలు నది దాటి తెలంగాణలోకి, అంటే పాత ఆదిలాబాద్ జిల్లాలోకి సాగుతాయి. అందుకే కొన్ని శిలాజాలకు మహారాష్ట్ర ఊళ్ల పేర్లు, కొన్నింటికి తెలంగాణ ఊళ్ల పేర్లు కనిపిస్తాయి. పొరలు మాత్రం అవే.

ఇంట్లో పరిచే కోటా రాయికీ దీనికీ సంబంధం ఉందా?

లేదు. ఫ్లోరింగ్‌కు వాడే కోటా రాయి రాజస్థాన్‌లోని కోటా నుంచి వస్తుంది. అది వింధ్య శిలల సున్నపురాయి, డైనోసార్లకు చాలా ముందటిది. తాండూరు, షాబాద్ బండలు కూడా అలాంటి పాత రాళ్లే, ఎముకలున్న జంతువులు పుట్టకముందువి. బండల పొరల మధ్య ఆకులా, నాచులా కనిపించే నల్లటి చారలు మాంగనీసు మరకలు, మొక్కల శిలాజాలు కావు. ఇది శిలాజమేనా అంటూ మాకు వచ్చే ఫొటోల్లో సగానికి జవాబు ఇదే.

ఈ లోయలో పొరల వరస ఏమిటి?

సింగరేణి బొగ్గు గురించి తెలిసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. బొగ్గు ఉన్న పొరలు అడుగున ఉంటాయి. అవి పర్మియన్ కాలానివి, పాతిక కోట్ల ఏళ్లకు పైబడినవి. వాటి పైన కామ్తి, ఆపైన వరసగా ఎర్రపల్లి (మధ్య ట్రయాసిక్), భీమారం ఇసుకరాయి, మాలేరి (అంత్య ట్రయాసిక్), ధర్మారం (ట్రయాసిక్ చివర, జురాసిక్ మొదలు), కోటా (జురాసిక్) వస్తాయి. కోటా తర్వాత చాలా కాలం ఖాళీ. ఆ ఖాళీ తర్వాత పేరుకున్న గంగాపూర్ పొరలు తొలి క్రెటేషియస్‌వి.

కోటాలోనూ భాగాలున్నాయి. కింది కోటాలో గులకలు కలిసిన ఇసుకరాయి, ఎర్ర బంకమట్టి ఉంటాయి. పై కోటా సున్నపురాయి పట్టీతో మొదలవుతుంది. దాని మీద మట్టిరాళ్లు, ఇనుము పట్టిన ఇసుకరాళ్లు ఉంటాయి. కింది భాగం నదులు పరిచిన మేట. సున్నపురాయి మంచినీటి సరస్సుల అడుగున పేరుకున్నది. "కోటా శిలాజం" అని ఎవరైనా అంటే మొదట అడగాల్సింది అది ఏ భాగంలోది అని. వయసు గొడవ అంతా అక్కడే ఉంది.

అయితే అసలు వయసెంత?

డైనోసార్లు దొరికిన కింది భాగానిది తొలి జురాసిక్, సుమారు 19 నుంచి 18 కోట్ల ఏళ్లు. స్కూల్ ప్రాజెక్టులో రాయడానికైనా, బోర్డు మీద పెట్టడానికైనా ఇది చాలు. దీని వెనక ఉన్న లెక్క తెలుసుకోవాలంటే కొంచెం ఓపిక కావాలి.

కోటా సున్నపురాయిలోని చేపలు 1850ల మొదట్లోనే లండన్ చేరాయి. లెపిడోటస్ డెక్కనెన్సిస్ అనే చేపకు 1851లోనే పేరు పడింది. ఆ చేపలు యూరప్‌లోని లియాస్ పొరల చేపలను పోలి ఉన్నాయి. లియాస్ అంటే తొలి జురాసిక్. దాంతో కోటా మొత్తానికీ తొలి జురాసిక్ అనే ముద్ర పడింది. చేపల దగ్గర ఒక చిక్కుంది. అవి ఉన్నది పై కోటా అడుగున, డైనోసార్లు ఉన్నది ఇంకా కింద. చేపలది తొలి జురాసిక్ చివర అయితే డైనోసార్లది అంతకంటే పాతదే అవుతుంది, కొత్తది కాలేదు.

1970ల తర్వాత సన్నజీవుల వైపు చూపు మళ్లింది. మంచినీటి ఆస్ట్రకాడ్లు (గింజంత గుల్లల జీవులు), కారా నాచు గింజలు, పుప్పొడి రేణువులు పరిశీలించిన కొందరు సున్నపురాయినీ దాని పై పొరలనూ మధ్య జురాసిక్ దాకా జరిపారు. మధ్య జురాసిక్ అంటే దాదాపు 17.5 కోట్ల నుంచి 16 కోట్ల ఏళ్ల మధ్య. పై కోటాలో దొరికిన క్షీరద దంతాలూ కొందరికి అటువైపే సూచించాయి. ఈ వాదన పై కోటాకు సంబంధించినది. దాన్ని కింది కోటాలోని డైనోసార్లకు అంటగడితే 16 కోట్లు అనే అంకె వస్తుంది. అది మధ్య జురాసిక్ ముగిసే చోటికి పడుతుంది. కోటాసారస్‌కు ఆ వయసు నప్పదని మా అభిప్రాయం.

అడుగు హద్దు కూడా చూడాలి. కోటా కింద ఉన్న ధర్మారం పై భాగంలో లాంప్లగ్‌సారా, ప్రధానియా అనే డైనోసార్లు దొరికాయి. వాటిని తొలి జురాసిక్‌లోని సినెమూరియన్ దశవిగా (19.95 నుంచి 19.29 కోట్ల ఏళ్లు) లెక్కిస్తారు. కోటా వాటి పైన ఉంది గనక 20 కోట్లు అనే అంకె కూడా కుదరదు. మిగిలింది సినెమూరియన్ చివరి నుంచి ప్లీన్స్‌బాకియన్ (19.29 నుంచి 18.42 కోట్లు) దాకా. సున్నపురాయి టోయార్సియన్‌ది (18.42 నుంచి 17.47 కోట్లు) లేదా కాస్త తర్వాతిది కావచ్చు.

రేడియోధార్మిక పద్ధతితో ఒక్క దెబ్బకు తేల్చేయొచ్చు కదా?

ఆ పద్ధతికి పొరల మధ్య అగ్నిపర్వతపు బూడిదో లావానో ఉండాలి. బూడిదలోని జిర్కాన్ స్ఫటికాలు ఆ విస్ఫోటనం నాడే పుట్టినవి కాబట్టి వాటి యురేనియం–సీసం లెక్క పొర వయసునే చెబుతుంది. కోటా ఇసుకరాయిలోనూ జిర్కాన్లు ఉంటాయి, కానీ అవి నది ఎక్కడో పాత గ్రానైట్లను అరగదీసి తెచ్చినవి. వాటి వయసు ఆ గ్రానైట్ల వయసు. "పొర ఇంతకంటే పాతది కాదు" అనే హద్దు తప్ప వాటినుంచి ఇంకేమీ రాదు. ఎముకనే కార్బన్–14 పరీక్షకు పంపమనేవాళ్లూ ఉన్నారు. అది సుమారు 50 వేల ఏళ్లు దాటితే పనికిరాదు.

సముద్రపు పొరలైతే అమ్మోనైట్లు (చుట్ట తిరిగిన గుల్లల సముద్రజీవులు) ఉండేవి, వాటితో దశలు చక్కగా విడదీయొచ్చు. కోటా మంచినీటి మేట, అమ్మోనైట్లు ఉండవు. వయసు ఇంతకాలం నలగడానికి ఇదే అసలు కారణం.

180 మిలియన్ అంటే తెలుగులో ఎంత?

18 కోట్లు. మిలియన్ అంటే 10 లక్షలు. మిలియన్ల అంకెను 10తో భాగిస్తే కోట్లు వస్తాయి. 180 మిలియన్‌ను 180 కోట్లుగా రాసిన పోస్టర్లు సైన్స్ ఫెయిర్లలో తరచూ కనిపిస్తాయి. 180 కోట్ల ఏళ్ల కిందట డైనోసార్లు కాదు కదా, చేపలు కూడా లేవు.

కోటాలో ఎన్ని రకాల డైనోసార్లు దొరికాయి?

పేరు పెట్టి, వివరంగా వర్ణించినవి రెండు. రెండూ సారోపాడ్లే, అంటే పొడవాటి మెడ, స్తంభాల్లాంటి నాలుగు కాళ్లు ఉన్న శాకాహారులు.

బారాపాసారస్ టాగోరై తొలి ఎముకలు 1958లో బయటపడ్డాయి. సిరొంచ తాలూకా పోచంపల్లి దగ్గర 1960, 1961లలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ బృందం ఎక్కువ భాగం తవ్వి తీసింది. 1961 రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సంవత్సరం, పేరులోని టాగోరై అందుకే. కనీసం 6 జంతువులకు చెందిన సుమారు 300 ఎముకలు, పక్కనే పెద్ద చెట్ల మొదళ్లతో కలిసి, ఒకేచోట దొరికాయి. వరదకు కొట్టుకుపోయిన మంద అయి ఉంటుందని తవ్వినవాళ్ల అంచనా. 1975లో జైన్, కుట్టి, రాయ్‌చౌధురి, ఛటర్జీ దానికి పేరు పెట్టారు. అస్థిపంజరం కోల్‌కతాలో ఆ సంస్థ జియాలజీ మ్యూజియంలో ఉంది.

కోటాసారస్ యామనపల్లియెన్సిస్ మనవైపుది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర 1970ల చివర్లో, సుమారు 2,400 చదరపు మీటర్ల మేర 840 అస్థిభాగాలు దొరికాయి. అవి కనీసం 12 జంతువులవి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన పి. యాదగిరి 1988లో పేరు పెట్టారు. పొడవు సుమారు 9 మీటర్లు. ఇది రెండింటిలో చిన్నది. వెన్నెముక, కటి ఎముకల తీరును బట్టి సారోపాడ్లలో మరీ మొదటి తరానికి దగ్గరగా ఉందంటారు.

రెండింటికీ తలలు ఎందుకు దొరకలేదు?

సారోపాడ్ తల ఒంటితో పోలిస్తే చాలా చిన్నది, ఎముకలు పలచన, మెడకు పట్టు తక్కువ. కళేబరం కుళ్లి నీళ్లలో దొర్లితే ముందు ఊడిపోయేది తలే. గులకలు మోసే నదిలో అది ముక్కలైపోతుంది. పంటి పింగాణీ గట్టిది కాబట్టి పళ్లు మిగిలాయి. కోటాసారస్‌కు దొరికినవి రెండు పళ్లే, గరిటె ఆకారంలో.

బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉన్నవి అసలు ఎముకలేనా? ఏం చూడాలి?

యామనపల్లి శిలాజాలతో నిలబెట్టిన అస్థిపంజరమే అది. అయితే ఒకే జంతువుది కాదు, ఎముకలు వేర్వేరు జంతువులవి. లేని భాగాలను అచ్చుపోసి పూరిస్తారు. పుర్రె ఎక్కడా దొరకలేదు కాబట్టి ఏ కోటాసారస్ తలైనా దగ్గరి బంధువులను చూసి ఊహించి చేసిందే. పిల్లలకు ముందే ఈ మాట చెప్పండి, చూపు తల మీదనుంచి దిగుతుంది.

ముందు తొడ ఎముక చూడండి. అది నిటారుగా, పెద్దగా వంపు లేకుండా కిందికి దిగుతుంది. బరువంతా నిలువుగా నేలకు దించే కాలు అది. తర్వాత వెన్నుపూసల మీద పైకి లేచిన ముళ్లను గమనించండి. తర్వాతి కాలపు సారోపాడ్లలో ఇక్కడ గుంటలు, సన్నటి గోడలు చాలా సంక్లిష్టంగా పెరుగుతాయి. కోటాసారస్‌లో అవి సాదాగా ఉంటాయి. ఎముక ఉపరితలం మీద రంగు, నునుపు ఒక్కసారిగా మారితే అక్కడ పూరణ ఉన్నట్టు అనుమానించవచ్చు. 2000లో డైనోసారియం తెరిచారు. మెట్రోలో వెళ్లేవాళ్లకు అసెంబ్లీ స్టేషన్ దగ్గర.

డైనోసార్లు కాక ఇంకేమేం దొరికాయి?

నిజానికి పరిశోధకులను కోటాకు మళ్లీ మళ్లీ రప్పించేవి ఇవే. సున్నపురాయిలో మెరిసే మందపాటి పొలుసుల చేపలు (లెపిడోటస్, పారాడాపీడియం, టెట్రాగోనోలెపిస్), ఇండోసీలకాంథస్ అనే సీలకాంత్ చేప, క్యాంపిలోగ్నాథాయిడిస్ ఇండికస్ అని 1974లో వర్ణించిన ఎగిరే సరీసృపం ఉన్నాయి. పురుగులు, రొయ్యజాతికి చెందిన రెండు చిప్పల చిన్న జీవులు కూడా ఆ పొరల్లోనే దొరికాయి. పై కోటాలో ఇండోకెలిస్ అనే తాబేలు ఉంది.

క్షీరదాల సంగతి వేరే చెప్పాలి. కొటాథీరియం హాల్డేనై (1981), ఇండోథీరియం ప్రాణహితై (1984), త్రిశూలోథీరియం, నకునోడాన్ (1985) ఇక్కడివే. వీటిలో చాలా వాటికి ఆధారం మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో ఉండే పళ్లే. పైకసిగూడెం, రెబ్బన ఊళ్ల చుట్టుపక్కల మట్టిరాళ్లలో అవి దొరికాయి. అక్కడే టువటారా (న్యూజిలాండ్‌లో ఉండే బల్లిలాంటి సరీసృపం) బంధువులైన రెబ్బనసారస్, గోదావరిసారస్, బల్లిజాతికి చెందిన భారతగామా రెబ్బనెన్సిస్ కూడా దొరికాయి.

అంత చిన్న పళ్లను మట్టిలో ఎలా పట్టుకుంటారు?

కంటితో వెతకరు, మట్టిని కడుగుతారు.

ఏ పొర నుంచి తీశారో రాసిన చీటీతో మట్టిరాయిని గోనె సంచుల్లో నింపి తెస్తారు. మొదట ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. చెమ్మ మిగిలిన బంకమట్టి నీళ్లలో విడిపోదు, పైన జిగురు పట్టి లోపల ముద్దగా ఉండిపోతుంది. బాగా ఎండినది నీళ్లు తగలగానే పొడిపొడిగా విచ్చుకుంటుంది. మొండి మట్టికి ముందు కిరోసిన్ పట్టిస్తారు. అది సన్నటి రంధ్రాల్లోకి ఇంకాక మిగిలింది వంపేసి నీళ్లు పోస్తే, నీళ్లు కిరోసిన్‌ను తోసుకుంటూ లోపలికి వెళ్లి మట్టిని పగలగొడతాయి. మంట దరిదాపుల్లో ఈ పని చేయకూడదు.

నానిన బురదను అర మిల్లీమీటరు కన్నాల జల్లెడలో పోసి, జల్లెడను నీళ్ల తొట్టిలో ముంచి నెమ్మదిగా ఆడిస్తారు. పైనుంచి పైపుతో జోరుగా నీళ్లు కొడితే పళ్ల వేళ్లు విరుగుతాయి. వేళ్లు లేకపోతే అది ఏ జాతిదో తేల్చడం కష్టం. మిగిలిన రవ్వను నీడలో ఆరబెట్టి, బైనాక్యులర్ మైక్రోస్కోపు కింద చెంచాడు చొప్పున పరిచి, తడి కుంచె కొసతో పళ్లు ఏరతారు. బస్తాల కొద్దీ మట్టి కడిగినా గుప్పెడు రవ్వ, అందులో ఒకటో రెండో పళ్లు మిగలడం మామూలే. ఏమీ రాకపోవడమూ మామూలే.

సున్నపురాయిలో ఇరుక్కున్న శిలాజాన్ని వంటింటి వెనిగర్‌తో తీయొచ్చా?

పద్ధతి అదే. ఎసిటిక్ ఆమ్లం కాల్షియం కార్బొనేట్‌ను కరిగిస్తుంది, ఎముకలోని కాల్షియం ఫాస్ఫేట్‌ను అంతగా కరిగించదు. ల్యాబుల్లో 5 నుంచి 10 శాతం ద్రావణం వాడతారు. నీళ్లలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్లు కాదు. కొత్త ద్రావణం ఎముకను కూడా కొరుకుతుంది కాబట్టి కాస్త కాల్షియం ఫాస్ఫేట్ కలుపుతారు, లేదా అప్పటికే వాడిన ద్రావణం కొంత కలుపుతారు. బయటపడిన ఎముకకు ప్రతిసారీ పారలాయిడ్ బి–72 అనే గట్టిపరిచే రెసిన్‌ను అసిటోన్‌లో కరిగించి పలచగా పూస్తారు.

ఎక్కువ పాడయ్యేది ఆమ్లంలో కాదు, ఆమ్లం తర్వాత. ఆమ్లంలో ఎంతసేపు ఉందో దానికి కనీసం రెట్టింపు సేపు మంచినీళ్లలో, నీళ్లు మారుస్తూ, నానాలి. లేకపోతే లోపల మిగిలిన కాల్షియం ఎసిటేట్ ఆరేటప్పుడు స్ఫటికాలై ఎముకను చీల్చేస్తుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం అసలు వద్దు, అది ఎముకనూ తినేస్తుంది. ఇంట్లో ప్రయోగం చేయాలనుంటే శిలాజం లేని ఉత్త సున్నపురాయి ముక్క మీద చేసి చూడండి.

పెద్ద ఎముకను విరగకుండా ఎలా తీస్తారు?

చుట్టూ మట్టి తవ్వి ఎముకను ఒక దిమ్మ మీద నిలిపి, ముందు తడి టిష్యూ కాగితం పొరలు పొరలుగా అద్దుతారు. దానిపై ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన గోనె పట్టీలు అడ్డంగా, నిలువుగా చుడతారు. ఆరాక దిమ్మను కింద కోసి, ఒక్కసారిగా తిరగేసి, రెండోవైపూ అలాగే కడతారు. టిష్యూ మానేస్తే ప్లాస్టర్ ఎముకకు అతుక్కుని విప్పేటప్పుడు పైపెచ్చు లేచిపోతుంది. తిరగేసేముందు ఉత్తర దిక్కు, పొర పైవైపు గుర్తు పెట్టకపోతే తర్వాత ఎవరికీ తెలియదు. విరిగినచోట ఇన్‌స్టంట్ గమ్ములు, చెక్క గమ్ములు వాడకూడదు. మళ్లీ విప్పడానికి రావు.

మన దేశంలో అన్నిటికంటే పాత డైనోసార్లు ఇవేనా?

కాదు. ఇదే లోయలో, కోటా కిందనున్న మాలేరి పొరల్లో ఇంకా పాతవి ఉన్నాయి. వాటిలో ఆల్వాకేరియా మాలేరియెన్సిస్ చిన్న జంతువు, 1987లో వర్ణించారు. జక్లాపల్లిసారస్, నంబాలియా పేర్లు 2011లో వచ్చాయి. ఇవి అంత్య ట్రయాసిక్‌వి, 20 కోట్ల ఏళ్లు దాటినవి.

హైదరాబాద్ చుట్టుపక్కల రాళ్లలో డైనోసార్లు దొరుకుతాయా?

గోల్కొండ, బంజారాహిల్స్ గుట్టలన్నీ గ్రానైట్లు, సుమారు 250 కోట్ల ఏళ్లవి. కరిగిన శిల చల్లారి గట్టిపడిన రాళ్లు కాబట్టి శిలాజాల ప్రసక్తే లేదు. వికారాబాద్ వైపు వెళ్తే దక్కన్ లావా పొరలు మొదలవుతాయి. లావా ప్రవాహాల మధ్య పేరుకున్న సరస్సు మట్టిలో నత్తగుల్లలు, చిన్న జీవుల అవశేషాలు ఉంటాయి. ఆ ప్రాంతంలోని నస్కల్ దగ్గర దొరికిన డెక్కనోలెస్టిస్ అనే చిన్న క్షీరదాన్ని 1988లో ప్రకటించారు. అది సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటిది. కోటాతో చుట్టరికం లేదు.

గుండ్రంగా, నున్నగా ఉన్న రాయి దొరికింది. డైనోసార్ గుడ్డేనా?

దాదాపు ఎప్పుడూ కాదు. సున్నపు గుండ్లు, నదిలో అరిగిన గులకలు, పొరలు పొరలుగా ఊడే గ్రానైట్ గుండ్లు అలాగే ఉంటాయి. విరిగిన అంచును పదిరెట్ల లెన్స్‌తో చూడండి. గుడ్డు పెంకైతే ఒకటి రెండు మిల్లీమీటర్ల మందంలో వేరే పొరగా, పైన సన్నటి బొడిపెలతో ఉంటుంది. ఎముకైతే విరిగినచోట స్పాంజిలాంటి అల్లిక కనిపిస్తుంది. ఆమ్లపు చుక్కకు నురగ వచ్చిందని ఎముక అనుకోవద్దు, సున్నం ఉన్న ప్రతి రాయీ నురగ ఇస్తుంది.

కోటా పొరలను వెళ్లి చూడొచ్చా?

చూడొచ్చు, తవ్వకూడదు. హైదరాబాద్ నుంచి వరంగల్, భూపాలపల్లి మీదుగా కాళేశ్వరం దాదాపు 275 కిలోమీటర్లు. గోదావరి వంతెన దాటితే సిరొంచ. అక్కడినుంచి వడధాం శిలాజ పార్కులో రాయిగా మారిన చెట్ల మొదళ్లు చూడొచ్చు. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇదే తేలిక. రెబ్బన వైపు వెళ్లేవాళ్లకు మంచిర్యాల మీదుగా రైలు ఉంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. వానాకాలంలో వాగులు దాటలేరు, ఏప్రిల్ తర్వాత ఎండకు నిలవలేరు. అడవి ప్రాంతాల్లోకి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లొద్దు.

పొలంలోనో వాగులోనో ఎముక కనిపిస్తే ఏం చేయాలి?

కదపొద్దు. పక్కన స్కేలో పెన్నో పెట్టి దగ్గరనుంచి ఒకటి, పొర మొత్తం కనిపించేలా దూరంనుంచి ఒకటి ఫొటో తీయండి. ఫోన్‌లో లొకేషన్ నోట్ చేసుకోండి. ఎముక రాతిలో ఇమిడి ఉందా, ఊడి కింద పడి ఉందా అన్నది తప్పక రాయండి. ఊడిపడినది ఏ పొరదో చెప్పడం కష్టం, పొర తెలియని ఎముకతో వయసు లెక్కకు ఉపయోగం తక్కువ. ఈ వివరాలు హైదరాబాద్ బండ్లగూడలోని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్షిణ ప్రాంతీయ కార్యాలయానికి పంపండి. వాన ముంచుకొచ్చి వాగు లాక్కెళ్లేలా ఉంటే ఊడిపడిన ముక్కలు మాత్రమే తీసి, ఒక్కో ముక్కను విడిగా కాగితంలో చుట్టి, చోటు రాసిన చీటీని అందులోనే పెట్టండి. రాతిలో ఉన్నదాన్ని మాత్రం పార పెట్టి పెకలించొద్దు.